మీ భరద్వాజను నాకిస్తరా

కొత్వాల్‌గూడ
జూన్

అక్కా, శనార్తులు.

సీరియల్ షూటింగ్‌కు బెంగళూరు పోతున్నానని చెప్పి బయలుదేరాను కదా, అది అబద్ధం. నీ టిఫిన్ సెంటర్ నుంచి బండెక్కితే టీ చల్లారేలోపు చేరుకునేంత దూరంలోనే ఉన్నాను. హిమాయత్‌సాగర్ పక్కన ఒక మామిడి తోట, చుట్టూ ఎత్తు గోడ. నీ నెత్తి మీదుగా లేచిన విమానం కాసేపటికి మా తోట మీదుగా పోతుంది. అయినా ఉత్తరమే రాయాలి. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు.

కూర్చొని చదువు. గూఢచారి సినిమాల్లో ఏజెంట్ భరద్వాజ వేషం ఖాళీ అయింది కదా. మన చిన్నప్పటి నుంచి ఆనందవర్ధన్ గారే వేస్తున్న వేషం. మోకాళ్ళు సహకరించడం లేదని ఆయన తప్పుకున్నప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే చర్చ, తర్వాత ఎవరు అని. కంపెనీ వాళ్ళ మనసులో ఇద్దరున్నారు, ఇంద్రసేన్, రిత్విక్. పెద్దాయన మాత్రం, "మూడో మనిషిని కూడా చూడనివ్వండి, దసరాకు నా మాట చెబుతాను" అన్నారట. రవీంద్రభారతిలో నేను ముసలాడి వేషం వేసిన నాటకం ఆయన వెనక వరుసలో కూర్చొని చూశారట. ఆ మూడో మనిషిని నేనే అక్కా! దసరా దాకా మా ముగ్గురినీ ఈ తోటలోనే ఉంచారు.

రాస్తుంటే నాకే నమ్మకం కలగడం లేదు. సీరియల్‌లో కానిస్టేబుల్ టోపీ పెట్టుకొని "సార్, జీపు రెడీ" అనేవాణ్ణి, నేనెక్కడ, భరద్వాజ ఎక్కడ!

ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను. కానీ పెద్దాయన ఒక పద్ధతి పెట్టారు. "గూఢచారికైనా తన సంగతి తెలిసిన మనిషి ఒక్కరుంటారు. మీరూ ఒక్కరిని ఎంచుకోండి. వారికి చేత్తో రాయండి" అన్నారు. నేను నిన్ను ఎంచుకున్నాను. బావకు కూడా చెప్పకు. నీ దగ్గర టిఫిన్ తినే డ్రైవర్లు ఏమనుకుంటున్నారో రాయి. అందరికంటే గట్టిగా వాదించేది వాళ్ళే కదా.

నీ తమ్ముడు
శ్రావణ్


శంషాబాద్
జూలై

తమ్మీ,

నీ ఉత్తరం చదివి పిండి కలిపిన చేత్తోనే గోడ పట్టుకున్నాను. ఆ మరక ఇంకా ఉంది. బావ "ఏమైందే?" అంటే, "బీపీ" అన్నాను. పాపం, పరుగెత్తి పోయి కొబ్బరి బోండం తెచ్చాడు. నీ వల్ల మొదటి అబద్ధం ఆడాను, ఇంకెన్ని ఆడిస్తావో.

పెన్ను పట్టుకుంటే నాకు బడి భాషే వస్తుంది. కోపమొస్తే మాత్రం మన భాష వస్తది, ఏమనుకోకు.

మన కొట్టు ముందు పొద్దున్నే క్యాబులు వరుసగా ఆగుతాయి కదా. ఎయిర్‌పోర్ట్‌లో ట్రిప్పు పడేదాకా వాళ్ళకు వేరే పనేముంది? ఇడ్లీ, చాయ్, భరద్వాజ. అందరికీ పెద్ద రాజయ్య. మైలార్‌దేవ్‌పల్లి నుంచి వస్తాడే, మీసాలకు రంగు వేసుకుంటాడు, ఆయన. భరద్వాజ సినిమా ఏదైనా మొదటి ఆట చూడకుండా బండి తియ్యడు. ఆయన ఓటు ఇంద్రసేన్‌కు. "గా ఇంద్రసేన్ నడిస్తే భూమి అదురుతది సరితమ్మా" అంటాడు. నా బిడ్డ మనీషా ఊరుకుంటుందా? కాలేజీకి పోతూ ఆగి మరీ, "గూఢచారి నడిస్తే భూమి అదరొద్దు రాజయ్య తాతా! ఎవలకు తెల్వకుండ పోవాలె కదా. రిత్విక్ అయితే పిల్లి లెక్క పోతడు" అంది. "పిల్లి లెక్క పోయెటోడు పాలు తాగనీకి పనికొస్తడు బిడ్డా" అన్నాడు రాజయ్య. కొట్టంతా ఒకటే నవ్వు.

నేను చట్నీ పోస్తూ నోరు మూసుకున్నాను. నా తమ్ముడి పేరు గొంతు దాకా వచ్చింది, మింగేశాను. నాకు భయంగా ఉందిరా. సంతోషంగానూ ఉంది. ఏది ఎక్కువో తెలియడం లేదు.

వేళకు తిను.

అక్క


కొత్వాల్‌గూడ
ఆగస్టు

అక్కా,

ఇవాళ నేను చూసింది నీకు చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

ఆనందవర్ధన్ గారు రోజూ మాతో పాటు మామిడి చెట్ల కింద కూర్చుంటారు. మోకాళ్ళకు నూనె గుడ్డలు చుట్టుకొని రాగిజావ తాగుతారు. కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టాలి. మాట మెత్తగా ఉంటుంది, తోటమాలిని కూడా మీరు అని పిలుస్తారు. ఈయనేనా మనం బాపు భుజాల మీద కూర్చొని చూసిన మనిషి అని మొదట్లో నాకు మనసు చివుక్కుమనేది.

ఇవాళ రిత్విక్ అడిగాడు, "సార్, భరద్వాజ గదిలోకి ఎలా వస్తాడో ఒక్కసారి చూపిస్తారా?" అని. పెద్దాయన నవ్వి, "మోకాళ్ళు రావయ్యా" అన్నారు. ఆ తర్వాత ఎవరి చెయ్యీ పట్టకుండా లేచారు.

అక్కా, ఎట్లా చెప్పను? కోటు లేదు, సంగీతం లేదు. లుంగీ, బనీను, కాళ్ళకు నూనె గుడ్డలు. వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు, అంతే. తోటలో రోజంతా మొరిగే కుక్కలు లేచి నిలబడి గమ్మున ఊరుకున్నాయి. వంటామె గంటె పట్టుకొని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన నా పక్క నుంచి పోతున్నప్పుడు, నిజం చెప్తున్నా, నేను దాచిపెట్టిన తప్పులన్నీ ఈయనకు తెలిసిపోయాయి అనిపించింది. ఆ మనిషి ఆనందవర్ధన్ కాదు, భరద్వాజ!

ఆ చివర చేరగానే మళ్ళీ మోకాలు పట్టుకొని, "ఎవరైనా కుర్చీ వెయ్యండి" అన్నారు. ఇంద్రసేన్ అంత పెద్ద హీరో, పరుగెత్తి కుర్చీ తెచ్చాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. అతను చెడ్డవాడు కాదక్కా.

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. ఇంత గొప్ప వేషాన్ని నేను మోయగలనా?

శ్రావణ్


శంషాబాద్
సెప్టెంబరు

తమ్మీ,

నువ్వు రాసింది గుడిలో నిలబడ్డట్టు నిలబడి చదివాను.

ఇక్కడ ఎవరో పుకారు లేపారు, భరద్వాజ వేషం పేరు లేని కొత్తవాడికి పోతుందని. ఇగ చూడు, రాజయ్య రెండు రోజులు ఇడ్లీ సగంలో వదిలేసి పోయాడు. "ముప్పై ఏండ్లు మనం మోసినం గా భరద్వాజను. ఎవనికో ఎట్ల ఇస్తరు? మనల్ని అడిగినరా?" అని కొట్టు ముందే అరిచాడు. అందరూ ఔనంటే ఔనన్నారు. మనీషా కూడా ఈసారి ఆయనకు ఎదురు చెప్పలేదు.

బావ కులాసా. వానలకు మంఖాల్‌లో మన చెలక పచ్చగా అయింది. ఇంకో సంగతి ఉంది, ఇప్పుడు రాయలేను. నీ ధ్యాస నీ పని మీద పెట్టు.

అక్క


కొత్వాల్‌గూడ
సెప్టెంబరు

అక్కా,

నువ్వు రాయలేనన్న సంగతి ఇవాళ నాకే వచ్చి చేరింది.

కంపెనీ మేనేజరు మా ముందు ఒక మహజరు చదివాడు. "శంషాబాద్ క్యాబ్ డ్రైవర్ల విన్నపం. మా భరద్వాజను ఇంద్రసేన్ గారికే ఇవ్వాలి. ఊరూ పేరూ లేనివాడికి ఇస్తే అది మమ్మల్ని అవమానించినట్టే. అట్లాంటి సినిమా మేము చూడము." చదివి అందరికీ చూపించాడు. గుండ్రటి అక్షరాలు, గీత గీసినట్టున్న వరుసలు. నాకు అఆలు దిద్దించిన చేతిని నేను గుర్తుపట్టనా? అడుగున సంతకాల చివర నీ పేరు కూడా ఉంది.

ఇంద్రసేన్ సిగ్గుపడి తలదించుకున్నాడు. నేను మామిడి చెట్ల వెనక్కి పోయి చాలాసేపు కూర్చున్నాను. లోకంలో నా సంగతి తెలిసిన మనిషివి నువ్వు ఒక్కదానివే. నువ్వే వద్దని రాసినంక నేనెవరి కోసం వేసుకోవాలె? వారం తిరిగేలోపు పెద్దాయనకు చెప్పి వచ్చేస్తా.

శ్రావణ్


శంషాబాద్
సెప్టెంబరు

ఒరేయ్ శ్రావణ్,

వచ్చేస్తవా? వచ్చి ఏం చేస్తవు, గిన్నెలు కడుగుతవా? జర ఆగి ఇది చదువు.

అవును, రాసింది నేనే. వీళ్ళకు పార్కింగ్ జాగ కావాలన్నా, చలానా ఎక్కువ పడిందన్నా దరఖాస్తు రాసేది ఎప్పుడూ నేనే కదా. రాజయ్య కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. రాయనంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్పలేను. అందుకని రాశాను. ఇది సగం నిజం.

మిగతా సగం కూడా విను. రాస్తున్నప్పుడు నాకూ అది నిజమే అనిపించింది. భరద్వాజ అంటే నాకు నువ్వు కాదు తమ్మీ. బాపు మనల్ని మంఖాల్ నుంచి లారీ ఎక్కించి తీసుకుపోయి చూపించిన మనిషి ఆయన. బాపు చనిపోయిన ఏడాది దుఃఖం ఆగనప్పుడల్లా పోయి ఆ సినిమాలే చూశాను. ఆయనను ఎవరో వచ్చి వేసుకుంటారంటే నాకూ కడుపు మండింది. ఆ ఎవరో నా తమ్ముడే అయినా మండింది! ఏం చేయమంటవు?

ఇప్పుడు బాపు సంగతి చెప్తా. అప్పటికి నువ్వు పుట్టలేదు. మన ఊరి భాగోతంలో హిరణ్యకశిపుడి వేషం సోమయ్య తాతది. ఆయన ముసలాడై గజ్జెలు విప్పినప్పుడు అది బాపుకు వచ్చింది. వాళ్ళ మేళంలో ఒక రివాజు ఉండేది. కొత్తగా వేషం కట్టేవాడు ముఖానికి రంగు పూసుకునే ముందు, వట్టి ముఖంతో ఇల్లిల్లూ తిరగాలి. ప్రతి గడప ముందూ నిలబడి, "మీ హిరణ్యకశిపుణ్ణి నాకిస్తరా?" అని అడగాలి. ఇష్టమైన వాళ్ళు బొట్టు పెడతారు. నేను బాపు వేలు పట్టుకొని తిరిగాను. ఈరమ్మ అవ్వ మాత్రం, "ఇయ్య. నా హిరణ్యకశిపుడు సోమయ్యనే" అని ముఖం మీదే అంది. బాపుకు కోపం రాలేదు. "మంచిదవ్వా" అని దండం పెట్టి వచ్చాడు. దారిలో నాతో అన్నాడు, "ఇయ్యనన్నోళ్ళను బతిమాలొద్దు బిడ్డా. వాళ్ళ కోసం ఆడాలె" అని.

రాజయ్య అరిచింది ఏమని? మనల్ని అడిగినరా అని. నాకు ఇప్పుడు అర్థమవుతోంది, ఆయనకు కొత్తవాడి మీద కోపం లేదు. అడగకుండా తీసుకుపోతున్నారని కోపం. గోడల చాటున దొంగలెక్క వేసుకొని బయటికొస్తే ఎవలు ఇస్తరు నీకు?

పారిపోయి రాకు. వస్తే అడగడానికి రా.

అక్క


కొత్వాల్‌గూడ
అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం తీసుకొని పెద్దాయన దగ్గరికి పోయాను. చదవమన్నారు. బాపు సంగతి దాకా వచ్చేసరికి జావ గిన్నె పక్కన పెట్టి, "మళ్ళీ చదవండి" అన్నారు. మళ్ళీ చదివాను.

తర్వాత, "నేను ఎవరినీ అడగలేదు శ్రావణ్‌కుమార్ గారూ. నాకు ముందు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మీకు ముందు నేనున్నాను" అన్నారు. ఆ వెంటనే ఏమీ జరగనట్టు, "నా మాట మీకే. కంపెనీకి నిన్ననే చెప్పాను" అన్నారు.

అక్కా, నాకు వచ్చింది! నేల మీద కూర్చుండిపోయాను. ఆయనే చెయ్యి ఇచ్చి లేపారు, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా.

ప్రకటన ఇంకో నెలకు. అప్పటిదాకా బయటికి పొక్కితే కంపెనీ వాళ్ళు నన్ను తీసేసినా తీసేస్తారు. మేనేజరు వద్దని మొత్తుకున్నాడు. పెద్దాయన ఒకటే మాట, "ఆయనను అడిగి రానివ్వండి." ఈ ఆదివారం పొద్దున వస్తున్నా.

శ్రావణ్


శంషాబాద్
నవంబరు

తమ్మీ,

ఆ రోజు నువ్వు కొట్టు ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి, "మీ భరద్వాజను నాకిస్తరా?" అన్నప్పుడు వాళ్ళు నవ్విన నవ్వు నువ్వూ విన్నావు. నువ్వు నవ్వకుండా అట్లాగే నిలబడ్డావు. ఒక్కొక్కరి ముఖంలో నవ్వు పోయింది. ఇడ్లీ తింటున్న డ్రైవర్ మల్లేశ్వర్ చెయ్యి కడుక్కొని వచ్చి నీ నుదుట బొట్టు పెట్టాడు, మన దేవుడి పటం కుంకుమతో. ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. మనీషా ఏడుస్తూ పెట్టింది. బావ నా వైపు చూసి, "గిదా నీ బీపీ?" అన్నాడు. రాజయ్య మాత్రం లేచి, "నేనియ్య" అని పోయాడు. ఇదంతా నువ్వు చూసిందే.

నువ్వు చూడనిది రాస్తున్నా. నువ్వు పోయాక మల్లేశ్వర్ అందరినీ పిలిచి, "ప్రకటన అయ్యేదాక నోరు తెరవొద్దు" అన్నాడు. డ్రైవర్ల కడుపులో మాట ఆగుతుందా అని నేను రోజూ గుండె చిక్కబట్టుకున్నాను. ఎయిర్‌పోర్ట్‌లో దిగిన ప్రతి ప్యాసింజరూ బండెక్కగానే అదే అడుగుతున్నాడట, కొత్త భరద్వాజ ఎవరు అని. మనవాళ్ళు అద్దం సర్దుకొని, "మాకేం తెల్సు సార్" అంటున్నారట. ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదు. పెండ్లాలకు కూడా చెప్పలేదురా! ఇంతమంది ఇంత పెద్ద మాటను కడుపులో పెట్టుకున్నారంటే నాకు దండం పెట్టాలనిపించింది. ఇవాళ పేపర్లో నీ ఫొటో చూసి అందరూ కొత్తగా చూసినట్టు కేకలు వేశారు.

రాజయ్యకు కూడా అంతా తెలుసు. నీ మీద గుస్సతో ఒక్క మాట అంటే చాలు, నీ వేషం ఖతం. ఆయనా అనలేదు. నిన్న వచ్చి ఇడ్లీ తిన్నాడు. నేను ఏమీ అడగలేదు. ఆయనే అన్నాడు, "పోరడు అడిగిండు. గందుకే గుస్స లేదు. గని ఇయ్య సరితమ్మా. నా పాణం ఒప్పుత లేదు."

జాగ్రత్తగా పనిచెయ్యి.

అక్క


విశాఖపట్నం
మార్చి

అక్కా,

షూటింగ్ ఓడరేవులో జరుగుతోంది. ఫోన్ చేతికి ఇచ్చారు, అయినా నీకు రాయడమే అలవాటైపోయింది.

మొదటి రోజు పెద్దాయన వచ్చారు. తన చేతులతో నాకు కోటు తొడిగి, గుండీలు పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి చూశారు. "ఇక నేను ప్రేక్షకుణ్ణి" అన్నారు. పోయి జనంలో కూర్చున్నారు. నేను ఆయన పాదాలకు మొక్కబోతే, "భరద్వాజ ఎవరి కాళ్ళూ పట్టుకోడు" అని ఆపేశారు.

అందరూ బాగా చేస్తున్నానంటున్నారు. నాకు నమ్మకం లేదు. కెమెరా ముందు నిలబడ్డ ప్రతిసారీ రాజయ్యే గుర్తుకొస్తాడు. బాపు చెప్పినట్టు ఆయన కోసమే ఆడుతున్నా. ఆయన సినిమాకు వస్తాడంటావా?

శ్రావణ్


శంషాబాద్
ఆగస్టు

తమ్మీ,

నువ్వు నిన్నటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నావు. నేను ఎత్తలేదు, ఎత్తితే ఏడుపు తప్ప మాట రాదు. అందుకే రాస్తున్నా.

నిన్న పొద్దున ఆటకు కొట్టు మూసేసి అందరం పోయాం. రాజయ్య మాతో రాలేదు. మాకు ముందు వరుసల్లో, చివరి కుర్చీలో ఒక్కడే కూర్చొని ఉన్నాడు, ముఖానికి దస్తీ కట్టుకొని. మేము చూడలేదనుకున్నాడు.

మొదట్లో నేను నిన్నే చూశాను. నీ చెవులు, చిన్నప్పుడు గొర్రు తగిలిన నీ గడ్డం మీది గాటు. అయ్యో, చిక్కిపోయాడు, తిన్నాడో లేదో అనుకున్నాను. తర్వాత రైలు పట్టాల దగ్గర ఆ ముసలామెను దాటిస్తావు చూడు, అక్కడి నుంచి నాకేమైందో తెలియదు. తెర మీద నీ వెనక తలుపు తెరుచుకున్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి "భరద్వాజా, ఎనుకకు చూడు!" అని అరిచాను. అరిచినంక గాని నాకు గుర్తుకు రాలే, నాకొక తమ్ముడున్నడని. బావ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. థియేటర్‌లో ఈలలు ఆగిపోయాయి. అంతమంది జనం, ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. బాపు భుజాల మీద కూర్చొని చూసినప్పుడు ఎట్లా అయిందో అట్లానే అయింది నాకు.

ఆట అయిపోయాక రాజయ్య లేవలేదు. ఊడ్చేవాళ్ళు వచ్చేదాకా కూర్చున్నాడు. బయట నేను ఆయన కోసం ఆగాను. దస్తీ విప్పి ముఖం తుడుచుకుంటూ వచ్చాడు, మీసాల రంగు చెంపల మీదికి దిగింది. నన్ను చూసి ఆగాడు. తర్వాత నిజంగానే నారాజై అడిగాడు:

"సరితమ్మా, సిన్మ అంత సూసిన. భరద్వాజనే ఉన్నడు. మీ తమ్ముడు ఏడ గనవడకపాయె?"

అక్క